యోసేపు అన్నలు తండ్రి పేరు చెప్పి పంపిన కబురు నిజమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. యోసేపును అన్నలు చిన్నప్పుడు బానిసగా అమ్మేశారు, అతడు ఐగుప్తులో అధికారి అయ్యి కరవులో వాళ్లను ఆదుకున్నాడు. బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండము 50వ అధ్యాయంలో వాళ్ల తండ్రి యాకోబు చనిపోతాడు, అంత్యక్రియలు ముగుస్తాయి. ఆ తరువాత అన్నలు యోసేపుకు ఒక కబురు పంపుతారు. నీ తండ్రి చనిపోకముందు మాకు ఆజ్ఞాపించాడు, నీ అన్నలు నీకు చేసిన కీడును క్షమించమని నీతో చెప్పమన్నాడు అన్నది ఆ కబురు. యాకోబు నిజంగా ఆ మాట అన్నాడా, లేక అన్నలు కల్పించారా అని మీరు అడిగారు. 17 ఏళ్లపాటు తమకూ తమ పిల్లలకూ అన్నం పెట్టిన తమ్ముణ్ణి వారు ఎందుకు నమ్మలేకపోయారని కూడా అడిగారు. చాలా ఏళ్లుగా పాత నిబంధన పాఠాలు చెబుతున్నవాడిగా, ఈ ఘట్టం మీద నాకున్న అభిప్రాయాన్ని వివరంగానే రాస్తాను.

ముందుగా నా జవాబు: యాకోబు ఆ మాట అన్నాడని నేను అనుకోవడం లేదు. అలాగని ఆ కబురును ఒట్టి అబద్ధమని కొట్టిపారేయడానికీ నాకు మనసొప్పదు. తండ్రి పేరు మీద అల్లిన ఆ వాక్యం చాటునే, ఆదికాండము మొత్తంలో మొదటిసారిగా, ఆ అన్నలు యోసేపును క్షమాపణ అడుగుతున్నారు. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తే తప్ప ఆ కుటుంబంలోని అపనమ్మకం ఎక్కడ పుట్టి ఎందుకు అంతకాలం నిలిచిందో అర్థం కాదు.

హెబ్రీ లేఖనాల్లో కథ చెప్పేవాడు మనుషుల మనసులోకి మనల్ని చాలా అరుదుగా తీసుకెళతాడు. వాళ్లు ఏం చేశారో చెబుతాడు, ఏం అన్నారో చెబుతాడు, ఎందుకు అన్నారన్నది మాత్రం ఎక్కువసార్లు చెప్పకుండా వదిలేస్తాడు. అయితే ఒక ఆధారం మన చేతికిస్తాడు. ఒక మాటను మొదట అన్నవారు ఎలా అన్నారో మనకు వినిపించి, తరువాత మరొకరు దాన్ని ఎలా చేరవేశారో కూడా వినిపిస్తాడు. ఆ రెంటికీ తేడా కనబడిన చోట మనం ఆగాలి. ఈ తేడా వల్ల చెప్పేవారికి ఒరిగేదేమిటి, లేదా చెప్పేవారు దేనికి భయపడుతున్నారు అని ఆలోచించాలి. దాచిన ఉద్దేశం సాధారణంగా అక్కడే బయటపడుతుంది.

27వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. ముసలివాడై చూపు మందగించిన ఇస్సాకు పెద్దకొడుకు ఏశావును పిలిచి, వేటమాంసం వండి తెమ్మని, తాను చనిపోకముందు నిన్ను ఆశీర్వదిస్తానని చెబుతాడు. రిబ్కా ఆ మాటలు విని యాకోబుకు చేరవేస్తుంది. దాదాపు అన్నీ అవే మాటలు. కాని ఇస్సాకు అనని ఒకటి అందులో చేరుతుంది: యెహోవా సన్నిధిని ఆశీర్వదిస్తాను అని భర్త అన్నట్టు ఆమె చెబుతుంది. తండ్రిని మోసగించడానికి జంకుతున్న కొడుకుకు, ఈ ఆశీర్వాదం ఎంత విలువైనదో, ఎందుకు వదులుకోకూడదో ఆ ఒక్క చేర్పు చెప్పేస్తుంది. కథకుడు రిబ్కా మనసును విప్పి చూపించలేదు. ఆమె నోట మారిన మాటను మాత్రం మన ముందు పెట్టాడు.

ఈ పద్ధతిని ప్రతి తేడాకూ గుడ్డిగా వర్తింపజేయకూడదని కూడా చెప్పాలి. 24వ అధ్యాయంలో అబ్రాహాము సేవకుడు రిబ్కాకు ముందు నగలు ఇచ్చి, తరువాత నీవు ఎవరి కుమార్తెవని అడుగుతాడు. ఆమె ఇంటివారికి చెప్పేటప్పుడు మాత్రం, ముందు వంశం అడిగి తరువాతే నగలు పెట్టానంటాడు. అందులో కుట్ర ఏమీ లేదు. పిల్లనడగడానికి వచ్చిన పెద్దమనిషి మర్యాద కోసం వరుస సరిచేసుకున్నాడంతే. మాట మారినంత మాత్రాన దురుద్దేశం అంటగట్టలేము. మారిన మాటకు వెనుక లాభమో భయమో కనబడాలి.

ఇప్పుడు యాకోబు కొడుకుల దగ్గరికి వద్దాం. 37వ అధ్యాయంలో దోతాను దగ్గర యోసేపును గుంటలో పడేసిన తరువాత జరిగినదాన్ని చాలామంది ప్రసంగీకులు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను అక్కడ ఎక్కువసేపు ఆగుతాను. చంపేసి, దుష్టమృగం తినేసిందని చెబుదాం అన్నది వాళ్ల మొదటి పథకం. తండ్రి ముందుకు వచ్చేసరికి ఆ అబద్ధాన్ని వాళ్లు పలకనే లేదు. మేకపిల్లను చంపి ఆ నెత్తురులో యోసేపు విచిత్రమైన నిలువుటంగీని ముంచారు. దాన్ని తండ్రికి పంపించారు. ఇది మాకు దొరికింది, ఇది నీ కుమారుడి అంగీ అవునో కాదో చూడు అన్నారు. అంతే. దుష్టమృగం తినివేసింది, యోసేపు నిశ్చయంగా చీల్చబడ్డాడు అన్న మాటలు తండ్రి నోటి నుంచే వచ్చాయి. అబద్ధాన్ని తండ్రే పూర్తి చేసుకునేట్టు చేశారు. పైగా "మా తమ్ముడి అంగీ" అనలేదు, "నీ కుమారుడి అంగీ" అన్నారు. ఆ ఇంట్లో ఎంత దూరం పెరిగిపోయిందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. ఒకప్పుడు మేకపిల్లల తోలు చేతులకు, మెడకు చుట్టుకుని గుడ్డితండ్రిని మోసగించిన యాకోబు, ఇప్పుడు మేకపిల్ల నెత్తురుతో తన కొడుకుల చేతిలో మోసపోయాడు.

అదే అధ్యాయంలో ఇద్దరు అన్నల మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. చంపవద్దు, గుంటలో పడేయండి అని రూబేను అన్నప్పుడు, అతన్ని విడిపించి తండ్రికి అప్పగించాలన్నదే అతని ఉద్దేశమని కథకుడు స్వయంగా చెబుతాడు. చంపితే మనకేం ప్రయోజనం, అమ్మేద్దాం, వాడు మన తమ్ముడు, మన రక్తసంబంధి గదా అని యూదా అన్నప్పుడు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పడు. తమ్ముణ్ణి ప్రాణాలతో కాపాడటానికి అన్నాడా, 20 తులముల వెండి కోసం అన్నాడా, తన చేతికి రక్తం అంటకుండా ఉండటానికి అన్నాడా, మనకు తెలియదు. యూదా మనసు తెలియాలంటే 44వ అధ్యాయం దాకా వేచి ఉండాల్సిందే. కథకుడు కావాలనే అలా చేశాడని నా నమ్మకం.

తండ్రి సంగతి కూడా చూడాలి. రూబేను తన తండ్రి ఉపపత్ని బిల్హాతో శయనించిన సంగతి యాకోబు విన్నాడని 35వ అధ్యాయంలో ఉంది. వాక్యం అక్కడితో ఆగిపోతుంది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చనిపోయే ముందు, 49వ అధ్యాయంలో, దాన్ని ఎత్తి చూపాడు. కూతురు దీనాకు జరిగిన అన్యాయం విన్నప్పుడూ కొడుకులు పొలం నుంచి వచ్చేదాకా ఊరుకున్నాడు. ఇంటివారంతా తనకు సాగిలపడినట్టు యోసేపు కన్న కలలు విన్నప్పుడు గద్దించినా, ఆ మాటను మనసులో ఉంచుకున్నాడు. అంతా విని, ఏమీ అనకుండా, దేనినీ మరచిపోని తండ్రి ఉన్న ఇంట్లో పిల్లలకు ఒక విషయం అలవాటవుతుంది: ఎవరి మనసులో ఏముందో మాటలను బట్టి తెలుసుకోలేమని. అన్నలు యోసేపుతో క్షేమంగా మాట్లాడలేకపోయారని 37వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ద్వేషం ఆ ఇంట్లో కేకలుగా కాక మౌనంగానే కనబడుతుంది.

సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయంలో దావీదు ఇంట్లోనూ సరిగ్గా ఇదే. తన కూతురు తామారును కొడుకు అమ్నోను చెరిచాడని విని దావీదు మిక్కిలి కోపగించుకున్నాడు, కాని ఏమీ చేయలేదు. ఆమె అన్న అబ్షాలోము అమ్నోనుతో మంచి గాని చెడు గాని మాట్లాడలేదు. రెండేళ్ల తరువాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగకు అమ్నోనును పంపమని అబ్షాలోము అడిగితే, అతడు నీతో ఎందుకు రావాలి అని దావీదు ఒక్కసారి అడుగుతాడు. అనుమానం వచ్చింది, పైకి అన్నాడు కూడా. కొడుకు బతిమాలేసరికి దాన్ని పక్కన పెట్టి పంపించాడు. ఆ విందులో అమ్నోను హతుడయ్యాడు. ఈ అధ్యాయంలో నన్ను అందరికన్నా ఎక్కువ కలవరపెట్టేది దావీదు అన్న కొడుకు యోనాదాబు. రోగివైనట్టు పడుకో, తామారును పంపమని తండ్రినడుగు అని అమ్నోనుకు ఉపాయం చెప్పినవాడు అతడే. హత్య జరిగాక, చనిపోయింది అమ్నోను ఒక్కడే, తామారును చెరిచిన నాటి నుంచి అబ్షాలోము దీన్ని నిశ్చయించుకున్నాడు అని రాజుకు ప్రశాంతంగా వివరించేదీ అతడే. అతనికి ఇదంతా ముందే తెలుసు. ఎందుకు ఊరుకున్నాడో లేఖనం చెప్పదు.

మళ్లీ ఐగుప్తుకు వస్తాను. 42వ అధ్యాయంలో అన్నలు ధాన్యం కొనుక్కుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చి జరిగింది చెప్పే భాగాన్ని, నిజంగా జరిగినదాని పక్కన పెట్టి చదవండి. అన్నలు గుర్తుపట్టలేకపోయిన యోసేపు వాళ్లందరినీ మూడు రోజులు కావలిలో పెట్టాడు. తండ్రికి ఆ సంగతి చెప్పలేదు. షిమ్యోనును వాళ్ల కళ్లెదుటే బంధించాడు. తండ్రితో మాత్రం, మీలో ఒకణ్ణి నా దగ్గర విడిచి వెళ్లమన్నాడు అని మెత్తగా చెప్పారు. మీ చిన్న తమ్ముణ్ణి తెస్తే మీరు చావకుండా ఉంటారు అని యోసేపు అన్న బెదిరింపు మాయమైంది. దాని బదులు, ఈ దేశంలో వ్యాపారం చేసుకోవచ్చు అన్నాడని, అతడు అనని మాట ఒకటి చేర్చారు. దారిలో బసచేసిన చోట ఒకడి గోనె మూతిలో రూకలు కనబడి అందరూ వణికిపోయిన సంగతీ చెప్పలేదు. తండ్రి ముందు గోనెలు కుమ్మరించినప్పుడు ఎవరి మూట వారి గోనెలో బయటపడింది. ఆ తరువాత 43వ అధ్యాయంలో, మీకొక తమ్ముడున్నాడని ఆ మనిషితో ఎందుకు చెప్పారు అని యాకోబు నిలదీస్తే, అతడే మా కుటుంబం గురించి గుచ్చి గుచ్చి అడిగాడు అంటారు. 42వ అధ్యాయంలో మనం విన్నదాని ప్రకారం యోసేపు మీరు వేగులవారు అన్నాడు, తమ్ముడి మాట ఎత్తింది వాళ్లే.

దీన్ని బట్టి వాళ్లు మళ్లీ దుర్మార్గానికి దిగారని నేను అనను. ఈసారి మాట మార్చడంలో భయం ఉంది, ముసలి తండ్రిని ఇంకా గాయపరచకూడదన్న ఆరాటం ఉంది. కాని ఫలితం ఏమైంది? మీరు నన్ను పుత్రహీనుణ్ణి చేస్తున్నారు, యోసేపు లేడు, షిమ్యోను లేడు, బెన్యామీనును కూడా తీసుకుపోతారు అని, చిన్నకొడుకును తలచుకుని యాకోబు వాళ్ల మీదే వేలు చూపాడు. ఆయనకు వివరాలు తెలియవు. అయినా తన కొడుకులతో వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదన్నది ఆయనకు అర్థమైంది. నా ఇద్దరు కొడుకులను చంపు అని రూబేను ఇచ్చిన హామీని ఆయన పట్టించుకోలేదు. నేను పూటపడతాను, అతణ్ణి నా చేతినుంచి అడుగు అన్న యూదా మాటకు మాత్రం, ఇంట్లో ధాన్యం అయిపోయాక, లొంగాడు.

ఈ అపనమ్మకం అన్నల వైపే ఉందనుకోకూడదు. 17 ఏళ్ల వయసులో అమ్ముడుపోయిన యోసేపు 30వ ఏట ఫరో ముందు నిలిచాడు. తరువాత ఏడు సమృద్ధి సంవత్సరాలు, రెండు కరవు సంవత్సరాలు గడిచాక తనను అన్నలకు తెలియపరచుకున్నాడు. ఐగుప్తు అంతటికీ అధికారిగా ఉన్న ఆ తొమ్మిదేళ్లలో తండ్రికి ఒక్క కబురు ఎందుకు పంపలేదు? 13వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రంబాన్ (నహ్మనీదెస్) ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నాడు. తన కలలు నెరవేరేదాకా యోసేపు వేచి ఉన్నాడన్నది ఆయన జవాబు. అది నాకు తృప్తినివ్వదు. కల నెరవేరాలని కన్నతండ్రిని అంతకాలం ఏడుపులో ఉంచడం ఎలా సమర్థించగలం? మన కాలపు ఇశ్రాయేలు పండితుడు యోయెల్ బిన్-నున్ చెప్పిన దారి నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది. యోసేపు తన తండ్రినే అనుమానించాడన్నది ఆయన వాదం. యోసేపు వైపు నుంచి చూడండి. హెబ్రోను నుంచి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న షెకెముకు, తనను ద్వేషించే అన్నల దగ్గరికి, ఒంటరిగా పంపింది తండ్రే. నెత్తురులో ముంచిన అంగీ గురించి యోసేపుకు తెలియదు. తండ్రి తన కోసం వెదకడానికి ఎవరినీ పంపలేదన్నది మాత్రం తెలుసు. ఇష్మాయేలును, ఏశావును పక్కన పెట్టిన వంశం అది. తనను కూడా అలాగే వదిలేశారేమోనని అతడు అనుకుని ఉండవచ్చు. పెద్దకొడుకు పుట్టినప్పుడు, నా తండ్రి ఇంటివారినందరినీ నేను మరచిపోయేట్టు దేవుడు చేశాడంటూ మనష్షే అని పేరు పెట్టడం ఈ అనుమానానికి తగినట్టే ఉంది.

44వ అధ్యాయంలో, బెన్యామీనును దాసుడిగా ఉంచుకుంటానని యోసేపు అన్నప్పుడు యూదా చేసిన విన్నపంలో ఒక వాక్యం యోసేపు ఊహలన్నిటినీ తలకిందులు చేసింది. తన తండ్రి మాటగా యూదా ఇలా చెప్పాడు: నా భార్య నాకు ఇద్దరిని కన్నది, వారిలో ఒకడు నా దగ్గర నుంచి వెళ్లిపోయాడు, అతడు నిశ్చయంగా చీల్చబడ్డాడనుకున్నాను, అప్పటి నుంచి అతడు నాకు కనబడలేదు. తాను చనిపోయానని తండ్రి నమ్మాడని, అందుకే వెదకలేదని, యోసేపు మొదటిసారి వింటున్నాడు. ఆ వాక్యం పలుకుతున్నవాడు యాకోబు మరో భార్య లేయా కొడుకన్న సంగతి మరువకూడదు. "నా భార్య నాకు ఇద్దరిని కన్నది" అంటే తన తల్లి భార్యల లెక్కలోకి రాలేదనే కదా. ఒకప్పుడు ఇలాంటి పక్షపాతాన్ని భరించలేకే తమ్ముణ్ణి అమ్మేద్దామన్నవాడు, ఇప్పుడు ఆ మాటను కోపం లేకుండా తన నోటితో చెప్పి, బెన్యామీనుకు బదులు నేను దాసుడిగా ఉంటానన్నాడు. 37వ అధ్యాయంలో కథకుడు మూసి ఉంచిన యూదా మనసు ఇక్కడ తెరుచుకుంది. ఆ వెంటనే యోసేపు తనను తాను అణచుకోలేక ఏడ్చాడు.

అయితే 45వ అధ్యాయంలో జరిగిన కలయిక ఎంత వరకు పూర్తయింది? నేను మీరు అమ్మిన యోసేపును, దేవుడే నన్ను ముందుగా పంపాడు, మీరు దుఃఖపడవద్దు అని మాట్లాడింది యోసేపు ఒక్కడే. అన్నలు కలవరపడి జవాబు చెప్పలేకపోయారు. అతడు ముద్దుపెట్టుకుని ఏడ్చాక వాళ్లు అతనితో మాట్లాడారని మాత్రం ఉంది, ఏం మాట్లాడారో లేదు. తప్పు చేశామని గాని, క్షమించమని గాని వాళ్లు అతని ముఖం చూసి అన్నట్టు ఎక్కడా లేదు. వాళ్లలో వాళ్లు 42వ అధ్యాయంలో తప్పు ఒప్పుకున్నారు, తమ మాట అతనికి అర్థం కాదని వాళ్లు అనుకుంటుండగా యోసేపు అది విన్నాడు. అతనితో ఒప్పుకోలేదు. తండ్రి దగ్గరికి బయలుదేరేటప్పుడు దారిలో కలహపడకండి అని యోసేపు హెచ్చరించాడు. తండ్రికి ఏం చెప్పాలన్న దాని మీద గొడవ వస్తుందని అతనికి తెలుసు కాబోలు. ఇంటికి చేరి యోసేపు బతికే ఉన్నాడని చెబితే యాకోబు నమ్మలేదు. నెత్తురు అంటిన అంగీని చూసి అబద్ధాన్ని నమ్మిన తండ్రి, నిజాన్ని నమ్మడానికి యోసేపు పంపిన బండ్లను కళ్లారా చూడవలసి వచ్చింది.

యోసేపు ఐగుప్తుకు ఎలా చేరాడో వాళ్లు యాకోబుకు ఎప్పుడైనా చెప్పారా? లేఖనం చెప్పదు. అసలు చెప్పనే లేదన్నది రంబాన్ అభిప్రాయం. పొలంలో దారితప్పిన యోసేపును ఎవరో పట్టుకుని అమ్మేశారని యాకోబు అనుకున్నాడట, శపిస్తాడన్న భయంతో అన్నలు చెప్పలేదట, సద్గుణం వల్ల యోసేపూ చెప్పలేదట. ఇదే నిజమైతే ఐగుప్తులోని గోషెనులో ఆ 17 ఏళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. ఒకే ఇంటివాళ్లు పన్నెండుమందికి తెలిసిన రహస్యం ఒకటుంది, తండ్రి ముందు దాన్ని ఎవరూ ఎత్తకూడదు. ఆయన బతికి ఉన్నంతకాలం యోసేపు దయకు రెండు అర్థాలు చెప్పుకోవచ్చు: నిజంగా క్షమించాడని, లేదా తండ్రి కోసం ఓర్చుకుంటున్నాడని. ఈ రెంటిలో ఏది నిజమో తేలే అవకాశమే లేకపోయింది.

రెండో అర్థాన్ని నమ్మడానికి వాళ్లకు ఇంటి చరిత్రలోనే కారణం ఉంది. నా తండ్రిని గూర్చిన దుఃఖదినాలు దగ్గరపడ్డాయి, అప్పుడు నా తమ్ముడు యాకోబును చంపుతాను అని ఏశావు అనుకున్నాడు. తండ్రి ప్రాణం ఉన్నంతసేపు పగను ఆపుకుని, ఆయన పోయాక తీర్చుకోవాలనుకోవడం ఆ కుటుంబం చూసినదే. 20 ఏళ్ల తరువాత ఏశావు 400 మందితో ఎదురొచ్చి, కౌగిలించుకుని ముద్దుపెట్టుకున్నా యాకోబుకు నమ్మకం కుదరలేదు. నీవు ముందు వెళ్లు, నేను మెల్లగా శేయీరుకు వస్తానని చెప్పి సుక్కోతుకు వెళ్లిపోయాడు. చిన్నపిల్లవాడిగా యోసేపూ, ఎదిగే వయసులో అన్నలూ తమ తండ్రి నోట ఆ మాట విన్నారు, ఆ మలుపూ చూశారు. యాకోబు పోగానే అన్నలకు పుట్టిన భయం ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. తండ్రి పోయిన ఏడాది తిరగకుండా అన్నదమ్ముల మధ్య పాత లెక్కలు పైకి రావడం మన ఊళ్లలోనూ అందరం చూసినదే గనుక, తెలుగు పాఠకులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

ఆ భయానికి వెంటనే కారణమైనదేమిటన్నది ప్రాచీన యూదు గురువులు కూడా వెదికారు. తండ్రి ఉన్నప్పుడు యోసేపు అన్నలను తన భోజనపు బల్లకు పిలిచేవాడని, ఆయన పోయాక పిలవడం మానేశాడని ఒక మిద్రాషు (లేఖనం మీద యూదు గురువుల పాత వివరణ) చెబుతుంది, యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105) దాన్నే తీసుకున్నాడు. తండ్రి తనను అందరికన్నా పైన కూర్చోబెట్టేవాడు, ఇప్పుడు పెద్దవాళ్లైన రూబేను, యూదాల కన్నా పైన కూర్చోవడం మర్యాద కాదని యోసేపు అనుకున్నాడని మిద్రాషు వివరణ. మరో కథనం ప్రకారం, యాకోబును పాతిపెట్టి తిరిగొస్తూ యోసేపు తనను పడేసిన గుంట దగ్గరికి వెళ్లి చూశాడు. తనను కాపాడిన దేవునికి స్తుతి చెప్పడానికే వెళ్లాడు. దూరం నుంచి చూసిన అన్నలు, పగ ఇంకా మరవలేదనుకున్నారు. ఇవి లేఖనంలో ఉన్నవి కావు. అయినా ఈ గురువులు పట్టుకున్న సంగతి చాలా లోతైనదని నా అభిప్రాయం: మంచి మనసుతో చేసిన పనికి కూడా, ఎందుకు చేస్తున్నాడో చెప్పకపోతే, భయపడేవాడు చెడ్డ అర్థమే తీస్తాడు.

ఇప్పుడు ఆ కబురు. తండ్రి ఆ మాట అనలేదనడానికి నాకు బలమైన ఆధారం 47 నుంచి 49 అధ్యాయాలు. యాకోబు చివరి రోజుల మాటలు అక్కడ విస్తారంగా ఉన్నాయి. ఎక్కడ పాతిపెట్టాలో చెప్పాడు, మనవళ్లను దీవించాడు, ఒక్కొక్క కొడుకు భవిష్యత్తు చెప్పాడు. ఒకసారి యోసేపును ప్రత్యేకంగా తన దగ్గరికి పిలిపించుకున్నాడు, మరోసారి తండ్రి జబ్బు సంగతి విని యోసేపే వచ్చాడు. అన్నలను క్షమించమని చెప్పదలిస్తే యోసేపుకే చెప్పేవాడు, అన్నల చేత చెప్పించవలసిన అవసరం ఏముంది? రంబాన్ వాదమూ ఇదే. అన్నలు మాట మార్చారని, యోసేపు మీద అనుమానమే లేని యాకోబు అలా ఆజ్ఞాపించలేదని రాషీ కూడా స్పష్టంగా అన్నాడు. యూదు గురువుల ధర్మచర్చల సంకలనమైన బాబిలోను తాల్ముదు యెవామోత్ భాగంలో, సమాధానం కోసం మాట మార్చడం అనుమతించదగినదే అన్న సూత్రానికి ఆధారంగా ఈ వచనాలనే చూపారు. అంటే ఆ మాట కల్పితమని ఒప్పుకుని, అయినా వారిని ఖండించలేదు.

రాజుల మొదటి గ్రంథం మొదటి అధ్యాయాన్ని దీని పక్కన పెట్టి చూడటం ఉపయోగం. ముసలి దావీదు దగ్గరికి వెళ్లి, సొలొమోను రాజవుతాడని నీవు ప్రమాణం చేశావు కదా అని అడగమని ప్రవక్త నాతాను సొలొమోను తల్లి బత్షెబకు నేర్పాడు. ఆమె వెళ్లి, నీ దేవుడైన యెహోవా తోడని ప్రమాణం చేశావు అని ఇంకాస్త బలంగా చెప్పింది. రిబ్కా చేసినట్టే దేవుని పేరు చేర్చింది. అలాంటి ప్రమాణం చేసినట్టు అంతకుముందు ఎక్కడా రాసి లేదు. దావీదు అవునన్నాడు గనుక సింహాసనం సొలొమోనుకు వచ్చింది. రెండు చోట్లా తండ్రి పేరు మీద ఒక మాట ముందుకు వచ్చింది. అక్కడ తండ్రి బతికి ఉన్నాడు, ఔనో కాదో చెప్పగలిగాడు. యాకోబు లేడు. అందుకే అన్నల కబురును నిజమని రుజువు చేయడానికీ, అబద్ధమని తేల్చడానికీ ఆ ఇంట్లో ఇక ఎవరూ మిగల్లేదు. కథకుడూ తీర్పు చెప్పలేదు.

కబురులో రెండు భాగాలున్నాయన్నది చాలామంది గమనించరు. మొదటిది తండ్రి మాటగా చెప్పినది. రెండోది, నీ తండ్రి దేవుని దాసుల అపరాధాన్ని దయచేసి క్షమించు అన్నది, అన్నల సొంత మాట. 22 ఏళ్ల ఎడబాటులోనూ, తరువాతి 17 ఏళ్లలోనూ వాళ్లు అడగలేకపోయిన క్షమాపణ అది. నెత్తురంగీని పంపినప్పుడు చేసినట్టే ముందు ఇతరుల ద్వారా పంపారు. కాని ఈసారి అక్కడితో ఆగలేదు. వాళ్లే వచ్చి అతని ముందు సాగిలపడి, మేము నీ దాసులం అన్నారు. తండ్రి మాట మీద మీకు ఎంత అనుమానమున్నా, ఈ రెండో భాగంలో అనుమానించడానికి ఏమీ లేదు.

యోసేపు ఆ కబురు విని ఏడ్చాడు. నా తండ్రి నిజంగా అలా అన్నాడా అని అడగలేదు. చిన్నప్పుడు అన్నల చెడుమాటలు తండ్రికి చేరవేసిన యోసేపు ఈసారి ఎవరి మాటనూ విచారించలేదు. భయపడకండి, నేను దేవుని స్థానంలో ఉన్నానా అన్నాడు. మీరు నాకు కీడు చేయాలనుకున్నారు అని దాచకుండా చెప్పి, దేవుడు దాన్ని మేలుకు మళ్లించాడన్నాడు. 45వ అధ్యాయంలో వాళ్లను ఓదార్చే తొందరలో వాళ్ల ఉద్దేశం చెడ్డదన్న మాట పైకి తేలేదు. ఇక్కడ తెచ్చాడు. అది పైకి వచ్చాకే, మిమ్మల్నీ మీ పిల్లలనూ పోషిస్తాను అన్న మాటకు వాళ్ల చెవిలో బరువు వచ్చిందని నేను అనుకుంటాను. క్షమించాను అన్న మాట అతడు వాడనే లేదని కొందరు ఎత్తిచూపుతారు. నాకు అది లోపంగా కనబడదు. తీర్పు తన చేతిలో లేదన్నవాడు ఆ మాట వాడకపోవడం సహజమే.

ఆ ఇంట్లో నమ్మకం కుదిరిందా అన్న దానికి లేఖనం ఇచ్చే సాక్ష్యం ఆ అధ్యాయం చివరే ఉంది. 110 ఏళ్ల యోసేపు చనిపోతూ, నేను చనిపోబోతున్నాను అని ఆ అన్నదమ్ములతోనే చెప్పాడు. దేవుడు మిమ్మల్ని ఈ దేశం నుంచి తీసుకెళ్లే రోజున నా ఎముకలను ఇక్కడి నుంచి తీసుకుపోవాలని ఇశ్రాయేలు కుమారుల చేత ప్రమాణం చేయించాడు. యాకోబు కూడా తన విషయంలో ప్రమాణం చేయించాడు, కాని యోసేపు ఒక్కడి చేతే. తన శవాన్ని కనానుకు చేర్చే బాధ్యతను అధికారం చేతిలో ఉన్న యోసేపుకే అప్పగించాడు, వెంటనే జరిగిపోయింది. యోసేపుకు మరణం తరువాత అధికారం ఉండదు, ఎప్పటికి జరుగుతుందో తెలియదు, ప్రమాణం చేసినవాళ్లు అప్పటికి బతికి ఉండరు. తనను అమ్మిన ఇంటివాళ్ల మాటకే, వాళ్ల సంతానం మాటకే తన ఎముకలను వదిలిపెట్టాడు. నిర్గమకాండము 13వ అధ్యాయంలో మోషే వాటిని తీసుకుని బయలుదేరాడు, యెహోషువ 24వ అధ్యాయంలో వాటిని షెకెములో పాతిపెట్టారు.